మహమ్మారియు దాపరికమును

కావ్యనాటకములను విమర్శించుట మన పత్రికలకు అలవాటైన పని. శాసనములను విమర్శించుట వకీళ్ళ పనియని విడిచిపెట్టినాము. కావ్యము చెడ్డదైనచో చదువరికి రెండు గడియల కాలము వ్యర్థమగును. శాసనము చెడ్డదైనచో నేమగునో 2020, 2021 సంవత్సరములలో మన గడపలయందే చూచితిమి. కావున నీ వ్యాసమున రెండు గ్రంథములను పక్కపక్కన బెట్టి పరిశీలింపదలచినాను. ఒకటి చరకసంహితలో విమానస్థానమునందలి మూడవ యధ్యాయము. జనపదోద్ధ్వంసనీయమని దాని పేరు. రెండవది 1897వ సంవత్సరపు మూడవ యాక్టు; దానిని అంటువ్యాధుల చట్టమని మనవారు వ్యవహరించుచున్నారు. రెండును ఒక్క ప్రశ్నను గూర్చినవే: దేశమంతయు నొక్కమాటున రోగమున పడినప్పుడు ఎవరు ఏమి చేయవలెను?

ఈ రెండింటిని చదివిన పిమ్మట నాకు తోచినది మొదటనే చెప్పెదను. మహమ్మారి తన కాళ్ళతో నడువదు. దాపరికము వేసిన బాటను నడుచును. దండనకు వెఱచి కొందఱు రోగమును దాచెదరు, సిగ్గునకు వెఱచి కొందఱు దాచెదరు, పరువునకు వెఱచి ప్రభుత్వమే యొక్కొక్కప్పుడు దాచును. పురుగుయొక్క శక్తిని నేను తక్కువచేయుట లేదు. 2021లో వచ్చిన డెల్టారకము మొదటిదానికంటె వేగముగ వ్యాపించినదని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కాని యే పురుగైనను ఇంటినుండి యింటికి పోవుటకు మనుష్యులే యేర్పఱచిన దారి కావలెను గదా.

ముందుగా చరకుని మాట. పాంచాలదేశమున కాంపిల్య నగరమునొద్ద గంగాతీరమున, వేసవి తుదిమాసమున, ఆత్రేయ పునర్వసువు శిష్యులతో వనమున సంచరించుచు అగ్నివేశునితో ననును: ఋతువులు వికృతి చెందుచున్నవి, భూమి త్వరలో ఓషధులకు రసము నీయజాలదు, కావున జనపదము నాశమగుటకు ముందే మందులను సేకరించి యుంచుకొనుడు. అధ్యాయమునకిది మొదలు. రోగలక్షణములు కావు, పూజలు కావు, ముందుజాగ్రత్త. 2021 వేసవిలో ప్రాణవాయువు సిలిండరుకొఱకు హైదరాబాదు వీధులలో రాత్రులు తిరిగినవారికి ఈ మొదటి వాక్యమునకు వ్యాఖ్యానము అక్కఱలేదు.

పిమ్మట శిష్యుడొక చక్కని ప్రశ్న వేయును. మనుష్యుల ప్రకృతి వేఱు, ఆహారము వేఱు, బలము వేఱు, వయస్సు వేఱు. అట్టివారందఱు నొక్కకాలమున నొక్క వ్యాధిచేత నశించుట యెట్లు? గురువు చెప్పిన సమాధానమిది: అవన్నియు వేఱైనను అందఱకు సామాన్యమైనవి నాలుగు కలవు - వాయువు, ఉదకము, దేశము, కాలము. ఇవి చెడినచో జనపదము చెడును. ఇవి యేల చెడును? అధర్మమువలన. ఆ యధర్మము ఎచట మొదలగును? ఇచటనే చరకుని ధైర్యము గమనింపదగినది. దేశమునకు, నగరమునకు, వర్తకశ్రేణులకు పెద్దలైనవారు ధర్మము తప్పి ప్రజలను నడుపునప్పుడు అది మొదలగునని, వారి నాశ్రయించినవారును పౌరులును దానిని పెంచుదురని చెప్పినాడు. అధికారిని మొదట, ప్రజను తరువాత పేర్కొన్నాడు.

మన పెద్దలు ఈ యధ్యాయమును చదివిన తీరు వేఱు. 'అధర్మము' అను నొక్క మాటను మాత్రము పట్టుకొని రోగము పాపఫలమని, రోగి పాపియని తేల్చివేసిరి. తలయారి మొదలు దొరవఱకు గల దోషము నంతయు మంచమున పడియున్న వానిమీద పెట్టిరి. గ్రంథమున లేని యీ యర్థమే యూరూర వ్యాపించినది. అయినను చరకునియందును లోపము లేకపోలేదు. పాలకుల యధర్మమే మూలమని చెప్పినవాడు పాలకుని నిలువరించు ఉపాయము నొక్కటి చెప్పలేదు. ఆయన చెప్పిన పంచకర్మలు, రసాయనములు, సత్యము, భూతదయ, దేవతార్చన, క్షేమకరమైన వేఱు జనపదమునకు వెడలిపోవుట - ఇవన్నియు ఒంటరిగ నొక మనిషి చేసికొనదగినవి. అందఱు కలసి చేయవలసిన దానికి అందు విధి లేదు.

ఇక 1897నాటి గ్రంథము. 1896లో బొంబాయిలో ప్లేగు బయలుదేరినది. 1897 జనవరి 28న కలకత్తాలో వైస్రాయి శాసనసభయందు జాన్ వుడ్‌బర్న్ బిల్లును ప్రవేశపెట్టెను. ఫిబ్రవరి 4న అది శాసనమయ్యెను. ఒక్క వారము. దానిని చదువుటకు పది నిమిషములు పట్టదు. మొదట నున్నవి నాలుగే సెక్షన్లు. సంస్కృతము చదివినవాడు వాక్యమున ముందుగ క్రియను వెదకును. ఈ శాసనమున ప్రభుత్వమునకు చేర్చిన క్రియలన్నియు 'చేయవచ్చును' అను రూపమున నున్నవి: నియమములు విధింపవచ్చును, రైలుప్రయాణికులను పరీక్షింపవచ్చును, అనుమానము గలవారిని వేఱుచేసి యుంచవచ్చును. ప్రజలకు చేర్చినది 'చేయవలెను' అని; చేయనివానికి శిక్షాస్మృతి 188వ సెక్షను ప్రకారము దండన. నాలుగవ సెక్షనున, సద్భావముతో పనిచేసిన యే యధికారిమీదను వ్యాజ్యము చెల్లదు. విధిరూపమంతయు నొక పక్షమునకే. ప్రభుత్వము ఆసుపత్రి కట్టవలెను, మందు నీయవలెను, వేఱుచేసియుంచినవానికి అన్నము పెట్టవలెను, సత్యమైన లెక్క చెప్పవలెను అను వాక్యము మొదటినుండి తుదివఱకు వెదకినను కానరాదు. నష్టపరిహారమను మాట యొక్కచోట నున్నది. అదియు 'ఏమైన నున్నచో' అను సందేహముతో కూడియున్నది.

మొదటి సెక్షనున ఇంకొక వింత కలదు. 1956 నవంబరు 1కి ముందు 'పార్టు బి' రాష్ట్రములలో నుండిన ప్రాంతములు తప్ప దేశమంతటికిని ఈ శాసనము వర్తించునని యందుండెను. హైదరాబాదు రాష్ట్రము పార్టు బి రాష్ట్రము. మా యిబ్రహీంపట్నము అందులోనిది. తెలంగాణ ప్రభుత్వము 2020 మార్చి 21న ఈ శాసనము పేరనే నియమావళిని ప్రకటించినది. మినహాయింపు మాటలను తొలగించినది ఏప్రిలు 22నాటి యార్డినెన్సు. న్యాయశాస్త్రదృష్టితో దీనికి సమాధానములుండవచ్చును. పాఠకదృష్టితో చూచినప్పుడు మాత్రము, నూటయిరువదిమూడేండ్లు బీరువాలో నుండిన పుస్తకమును కంగారున బయటికి తీసినప్పుడు రాలిన దుమ్మువలె నది నాకు కనుపట్టినది.

ఈ శాసనము చేసిన మొదటి పని పూనాలో జరిగినది. ర్యాండు అను నధికారి నాయకత్వమున తెల్లసోల్జర్లు ఇండ్లు జొచ్చి రోగులకై వెదకిరి. రోగిని ఆసుపత్రికి, ఇంటివారిని శిబిరమునకు తరలించిరి; స్త్రీలను పరీక్షించిన తీరు ప్రజల మనస్సును మిక్కిలి గాయపఱచినది. ఫలితమేమి? రోగులను దాచిరి, శవములను రహస్యముగ సాగనంపిరి, ఊరు విడిచి పాఱిపోయిరి, పాఱిపోయినవారితోపాటు ప్లేగు పోయినది. 1897 జూన్ 22 రాత్రి ర్యాండు కాల్పులకు గుఱియై జూలై 3న మరణించెను. రాజద్రోహనేరముమీద తిలకుగారికి పదునెనిమిది నెలల కఠినశిక్ష పడెను. ప్రజలను ఒప్పింపకుండ ఇల్లు సోదా చేసినచో రోగము దొరకదని గ్రహించి, కొంతకాలమునకు ప్రభుత్వమే తన పట్టు సడలించినది.

నిజాము రాజ్యమునకు ఆ శాసనము లేదు, ప్లేగుమాత్రము వచ్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసెను. 1911లో ప్లేగు చెలరేగెను. ఆ రెండు దెబ్బల పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. చీకటిగొందులను పడగొట్టి వెడల్పయిన వీధులు వేసిరి. మురికివాడలు తీసి ఇండ్లు కట్టించిరి. మూసీకి 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము ఆనకట్టలైనవి. వాయువు, ఉదకము, దేశము అని చరకుడు చెప్పిన మూడింటిని బాగుచేసిన పనియిది. ప్రజాస్వామ్యమెఱుగని ప్రభుత్వమైనను ఈ పనికి దానిని మెచ్చుకొనవలెను. నల్లకుంటలోని జ్వరాసుపత్రి మొదట క్వారంటైను ఆసుపత్రిగ పుట్టినదే. జనులు ఆ పరభాషాపదమును అరగదీసి 'కోరంటి దవాఖాన' యనిరి. ఇప్పటికి ఆ పేరు పోలేదు. భయపెట్టిన మాటను తమ యింటిమాటగ చేసికొనుటలో మనవారికి గల నేర్పు గొప్పది.

అయినను 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చునాటికి ఆ యేర్పాట్లు చాలలేదు. ఆ యేడే వానలు లేక కరవు. హైదరాబాదు రాష్ట్రపు జనసంఖ్య 1911లో 1,33,74,676, 1921లో 1,24,71,770. నగరమున 5 లక్షలు దాటియుండిన జనము 4 లక్షలకు పడిపోయెను. దీనికి ఆ జ్వర మొక్కటియే కారణమనరాదు. ప్లేగును, ఆకలియు దానితో కలిసినవి. ఆకలిగొన్న శరీరమున జ్వరము చేయు పని వేఱు. అందుచేత గింజల కొట్టు కూడ వైద్యశాలయేయని నేనందును.

ఇక సంఘముసంగతి. ప్రభుత్వమును నిందించుటకు మనకు నోరు మెండు. మన వాడలను గూర్చి మాటాడునప్పుడు గొంతు తగ్గును. తెలంగాణపు పల్లెలలో కలరాకు గత్తరయని పేరు. నేటికిని అది తిట్టులలో నున్నది. మశూచికి అమ్మవారని పేరు. రోగమును దేవతగ భావించుటలో రోగికి శుచియైన చోటు, వేపాకు, చల్లని యాహారము దొరకుచుండెను. దానిని నేను పరిహసింపను. కాని ఆ భావనకు రెండవ భాగమొకటి కలదు: సాగనంపుట. అమ్మవారిని ఊరి పొలిమేర దాటించి వచ్చిన మన పని తీఱినది. పొలిమేర కావల నున్నది మఱియొక ఊరని యెవరును తలపరు. 2020 మార్చిలో పల్లెలు తమ దారులకు ముళ్ళకంపలు అడ్డముపెట్టినప్పుడు నాకిదే జ్ఞప్తికి వచ్చినది. కొంత మేలు జరిగియుండవచ్చును, కాదనను. ఆ కంపలవద్ద నిలిచిపోయినది మాత్రము వ్యాధియొక్కటియే కాదు; పట్టణమున పని పోయి తల్లిదండ్రులయొద్దకు నడచివచ్చిన కొడుకు నిలిచినాడు, నెలలు నిండిన స్త్రీ నిలిచినది.

నగరమున ముళ్ళకంపలు లేవు; దానికి బదులు కాగితమున్నది. విదేశములనుండి వచ్చినవారి చేతులపై చెరగని ముద్ర వేసిరి, తలుపులకు ప్రకటన లంటించిరి. ప్రభుత్వము కాగితము నంటించిన క్షణమునుండి మిగిలిన పని మనము చేసితిమి. మా వీధిలో నొక యింటికి పాలవాడు రాకమానెను. వాకిట ముగ్గు వేయుచున్న పొరుగింటి యిల్లాలు ముఖము త్రిప్పుకొని లోపలికి పోయెను. మఱునాటినుండి ఆ వీధిలో నెవరికి జ్వరము వచ్చినను 'ఎండదెబ్బ' యనిరి. ఒక్క కాగితము పది జ్వరములను మఱుగుపఱచినది. అట్టి కాగితములు అధికారి ప్రత్యేకముగ ఆదేశించిననే తప్ప అంటింపరాదని 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటికి అంటించుట అంతయు ముగిసినది. ఇక ఆసుపత్రిలో రోగులకు సేవచేసి వచ్చిన నర్సులను ఇల్లు ఖాళీచేయుమన్న యజమానులు, శవమును తమ శ్మశానమునకు తేవలదని రాళ్ళు పట్టినవారు - వీరు చదువురానివారు కారు. మన పత్రికలు చదువువారే.

అదే సంఘము మఱియొక విధముగ కూడ నడువగలదు. 2020 ఆషాఢమున బోనాలు ఇండ్లలోనే జరిగినవి. మహమ్మారి నణచినందుకు పుట్టినదని చెప్పుకొను పండుగను మహమ్మారికొఱకే గడపలోపల చేసికొన్నారు. దండన వలన నింతమంది స్త్రీలు ఒప్పుకొనియుందురని నేననుకొనను; కారణము తెలిసినది కావున ఒప్పుకొన్నారు.

ఆజ్ఞకును అన్నమునకును గల సంబంధమును ఆ యేడు బాగుగ చూచితిమి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన. నడిరేయినుండి దేశమంతట లాకుడౌను. నాలుగు గంటల వ్యవధి. ఇల్లు గలవాడు ఇంటనుండుట సులభము. ములుగు వైపు మిరపతోటలకు వచ్చిన బస్తరు కూలీలు అడవిదారిని నడచిపోయిరి. ఆ నడకలో నొక బాలిక ఇల్లు చేరకయే మరణించినది. పరీక్షింపగా ఆమెకు ఆ వ్యాధి లేదని తేలినది. తెలంగాణ ప్రభుత్వము కార్డుగల పేదలకు తలకు 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1,500 రూపాయలను ఇచ్చినది. పరరాష్ట్రపు కూలీలకును 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించినది. అది మంచిపని. కూలీలను స్వస్థలములకు చేర్చిన మొదటి ప్రత్యేకపు రైలు మే 1న లింగంపల్లినుండి ఝార్ఖండునందలి హటియాకు సుమారు 1,200 మందితో కదలినది. అది కదలినందుకు సంతోషింపవలెను. అయిదు వారములు పట్టినందుకు విచారింపవలెను.

మూడవ దాపరికమును గూర్చి క్లుప్తముగ చెప్పెదను, ఏలయన నది యందఱికి తెలిసినదే. పరీక్షలు తక్కువ చేసిన రాష్ట్రమున రోగులు తక్కువ కనబడుదురు. తెలంగాణమున పరీక్షల కొఱతను, ప్రతిదినపు బులెటినులలోని లోపములను రాష్ట్ర హైకోర్టు 2020లో పలుమాఱులు మందలించినది. ఆసుపత్రులనుండి పంపు శవములకు పరీక్ష చేయవలెనని ఆ మేలో ఆదేశించినది. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోగా జూనులో ఆ యాదేశము నిలిపివేయబడినది. దేశముమొత్తమున 2020, 2021 సంవత్సరములలో ఈ వ్యాధిచే చనిపోయినవారు సుమారు 4 లక్షల 80 వేలని సర్కారు లెక్క. ఆ రెండేండ్లలో మామూలుకంటె అధికముగ సంభవించిన మరణములు సుమారు 47 లక్షలని 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యంచనా. ఆ లెక్కకట్టిన పద్ధతిని భారతప్రభుత్వము అంగీకరింపలేదు. ఏది సరియో గణితజ్ఞులు వాదించుకొందురుగాక. రెండింటి నడుమనున్న యంత దూరమే యొక సంగతిని చెప్పుచున్నది: లెక్కకు రాని చావులకు ఇంటివారే సాక్షులు.

దాపరికమునకు మందు లేదా? ఉన్నది, మన దేశమే దానిని రెండుమాఱులు వాడినది. మశూచిని తుదముట్టించు దినములలో రోగిని దాచినవానిని వెదకి శిక్షించుట మాని, రోగమును చూపినవానికి బహుమానమిచ్చిరి. 1975 నాటికి ఆ బహుమానము 1,000 రూపాయలైనది. ఆ యేటి మే తరువాత దేశమున మశూచి కనబడలేదు.

రెండవది మనమందఱము చూచినదే. 2021 మేలో తెలంగాణమున ఇంటింటి జ్వరసర్వే జరిగినది. ఆశా కార్యకర్తయును, ఏయన్నెమ్మును తలుపు తట్టి, జ్వరమున్నదాయని యడిగి, మాత్రల పొట్లము చేతబెట్టి పోయిరి. పరీక్ష ఫలితముకొఱకు వేచియుండనక్కఱలేదు, పోలీసు రాడు, కాగితము అంటింపరు. పూనాలో తట్టినదియు తలుపే, ఇచట తట్టినదియు తలుపే. అచట తుపాకి పట్టిన పరదేశి. ఇచట మన వాడలోని కోడలు, మన పిల్లలకు టీకాలు వేయించిన మనిషి. ఎండదెబ్బయని చెప్పినవారు ఆమెతో నిజము చెప్పిరి. ప్రభుత్వమును సంఘమును ఒక్కమనిషియందు కలిసినప్పుడు దాపరికమునకు చోటు తగ్గును. ఆ మనిషికి మనమిచ్చునది జీతము కాదు, పారితోషికము. అది చాలదని వారు పలుమాఱులు రోడ్డెక్కిరి. 2020నాటి సవరణ వైద్యసిబ్బందిని కొట్టినవానికి అయిదేండ్లవఱకు, తీవ్రముగ గాయపఱచినచో ఏడేండ్లవఱకు శిక్ష విధించినది. అవసరమే. కొట్టినవానికి శిక్ష వ్రాసిన కలము ఆమె వేతనమును వ్రాయలేదు.

విశ్వాసమును గూర్చి యింకొక మాట చెప్పక తప్పదు. 2022 ఆగస్టు 25న మా యిబ్రహీంపట్నపు సర్కారు ఆసుపత్రిలో ఒక్కదినమున 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు చేసిరి; కొలది దినములలో వారిలో నలుగురు చనిపోయిరి. అది మహమ్మారి కాదు, 1897నాటి శాసనమునకు దానితో సంబంధము లేదు. కాని ఆసుపత్రిని నమ్మి వచ్చిన స్త్రీకి అచట కీడు జరిగినచో, తరువాతి మహమ్మారిలో జ్వరమును చెప్పుటకు ఆమె చెల్లెలు వచ్చునా? మహమ్మారి వచ్చిననాడు నమ్మకమును తయారుచేయ వీలులేదు. చరకుడు ఓషధులను గూర్చి చెప్పినట్లే దానిని కూడ ముందుగనే సేకరించుకొనవలెను.

శిక్ష బొత్తిగ వలదని నా వాదము కాదు. తెలిసి తెలిసి రోగమును సంతకు తీసికొనిపోవువానిని ఆపు నధికారము ప్రభుత్వమునకు ఉండవలసినదే. అధికారమున కెదురుగ విధి వ్రాయబడలేదన్నదే నా యాక్షేపణ. అట్లు వ్రాయుట యసాధ్యము కాదు, తెలుగుదేశముననే యున్నది. మద్రాసు రాష్ట్రమున 1939లో చేసిన ప్రజారోగ్య చట్టము నేటికిని ఆంధ్రప్రాంతమున నున్నది. ఆరోగ్యాధికారులను నియమించుట, నీరు మురుగుల యేర్పాటు, అంటురోగులకు ఆసుపత్రులు - వీనిని స్థానికసంస్థల పనులుగ అది పేర్కొన్నది. పురపాలకసంఘములు తమ యాదాయమున నూటికి 30 పాళ్ళకు తగ్గకుండ ప్రజారోగ్యమునకై తీసిపెట్టవలెనని చెప్పినది. ఆ సెక్షను ఎంతవఱకు నడచినదో పురపాలకసంఘముల బడ్జెట్లు తీసి చూచిన తెలియును. అది మఱియొక వ్యాసము.

2024 ఫిబ్రవరిలో లా కమిషను తన 286వ నివేదికలో 1897నాటి చట్టము చాలదని, దానిని సవరించుటగాని క్రొత్త చట్టము చేయుటగాని కావలెనని సిఫారసు చేసినది. ఆ క్రొత్త పాఠము ముసాయిదాగ నున్నప్పుడే తెలుగున అచ్చువేయించి, వకీళ్ళకంటె ముందుగ ఆశా కార్యకర్తలకును, జ్వరమున్న యింట వంట చేసిన యిల్లాండ్రకును చదువనిచ్చిన బాగుండును. ఏ వాక్యమున ఎవరు దాచుకొందురో వారు వెంటనే చెప్పగలరు.